అత్త తడిపిన ఎర్త్ గుంట

మొన్న జగిత్యాలలో కోరుట్ల బస్సు కోసం నిలబడితే దూరంగా ఉరిమింది. అందరూ ఆకాశం వైపు చూశారు. నేను మాత్రం పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ కంచె బయట, ఎర్త్ గొట్టం చుట్టూ ఉన్న మట్టి వైపు చూశాను. ఎండి నెర్రెలు బారింది. మా మేనత్త చూస్తే ఊరుకునేది కాదు.

సిరిసిల్లలో మా ఇంట్లో బట్ట నేసే సాంచాల చప్పుడుకు ఉరుము కూడా వినిపించేది కాదు. ఎండాకాలం సెలవుల్లో కోరుట్ల దగ్గర అత్తవాళ్ల ఊరికి వెళితేనే నాకు ఉరుమంటే ఏమిటో తెలిసింది. మామ లైన్‌మన్. మబ్బు పట్టిందంటే అత్త చేతిలో గిన్నె వణికేది. అందుకని పెళ్లయిన కొత్తలోనే మామ ఇంటి పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ చూపించి ఆమెకొక పని అప్పగించాడట. "తీగల మీద పిడుగు పడితే గా పైనున్న అరెస్టర్లు దాన్ని పట్టి, గీ గొట్టం కెళ్లి భూమిలకు పంపుతయి. నేల తడిగుంటెనే మింగుతది. నువ్వు దినాం బిందెడు నీళ్లు పొయ్యి, నాకేం గాదు."

అత్త ఒక్క పూట కూడా తప్పలేదు. గుంటలో ఉప్పూ బొగ్గులూ మామ వేస్తే, గొట్టానికి పసుపూ బొట్టూ ఈమె పెట్టింది. తనిఖీకి వచ్చిన ఆఫీసరు అక్కడ చెప్పులు విడిచి నిలబడ్డాడని మామ చెప్పి చెప్పి నవ్వేవాడు. ఒకసారి మాత్రం నాతో మెల్లగా అన్నాడు: "నేను మెట్‌పల్లి దిక్కు స్తంభమెక్కితె గీ గుంట నన్నేం కాపాడుతది బిడ్డా? మీ అత్త వణుకుడు ఆగాలె గదా. ఆమెకు చెప్పకు."

మామను ఏ పిడుగూ ముట్టలేదు. రిటైరైన చాన్నాళ్లకు జ్వరంతో మంచం మీదే పోయాడు. ఆ మరుసటి ఎండాకాలం వెళ్తే, అత్త బిందె పట్టుకుని గుంట దగ్గరే ఉంది. నాకు మనసాగలేదు. మామ మాట బయటపెట్టేశాను.

"నాకు ఎర్క లేదా బిడ్డా?" అంది, నీళ్లు ఒంపుతూనే. "నేను పోస్తున్ననంటె ఆయనకు నిమ్మళం. స్తంభం మీదున్న మనిషికి ఇంటి రంది ఉండొద్దు."

అత్త కూడా పోయింది. మొన్న బస్టాపులో ఆ ఎండిన మట్టిని చూస్తుంటే ఇద్దరినీ ఒక్కసారి చూడాలని ప్రాణం కొట్టుకుంది. నా సీసాలోని నీళ్లన్నీ ఆ మట్టిలో ఒంపాను. అత్త పోసిన బిందెడు నీళ్లు ఇంకడానికి ఒక పూట పట్టేది. నావి బస్సు వచ్చేలోపే ఇంకిపోయాయి. వాళ్లిద్దరూ ఉన్న కాలం కూడా ఇంత తొందరగానే అయిపోయింది.