భద్రు సారు వేలు

ఉత్త వేలితో యాసిడ్‌ను చంపిన మొనగాడు ఈ భూమ్మీద ఒక్కడే పుట్టాడు. ఆయన పేరు భద్రు. చర్ల రోడ్డు మీది జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. ఆ వేలికి జడిసి ల్యాబ్‌లో మంచినీళ్లు కూడా గులాబీ రంగుకు తిరిగాయి. కళ్లారా చూసినవాళ్లు క్లాసు నిండా ఉన్నారు. చూడకుండానే చూశామని ఒట్టేసేవాళ్లు ఖమ్మం దాకా ఉన్నారు.

భద్రు తండా మనిషి. ఒళ్లు సన్నం, మీసం లావు, చెంపలో ఎప్పుడూ ఒక తాంబూలం. జేబులో పెన్ను లేని రోజు ఉంటుంది గానీ సున్నం డబ్బీ లేని రోజు ఉండదు. డబ్బీ మూత తీసి, కుడి చూపుడువేలితో సున్నం గీకి, ఆకు మీద రాసి, వక్కపలుకు పెట్టి మడిచి దవడన పెట్టుకునే లోపల పాఠంలో ఒక్క మాట కూడా తెగదు. ఆకు లేకపోతే సారుకు ఫార్ములాలు గుర్తుకురావని తేలినప్పటి నుంచి ప్రిన్సిపాల్ కూడా అడగడం మానేశాడు.

భద్రుకు రెండు గర్వాలు. మొదటిది టైట్రేషన్. ఫ్లాస్కులో యాసిడ్ పోసి, రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ వేసి, పైనున్న బ్యూరెట్ గొట్టం నుంచి క్షారం చుక్కచుక్కగా వదలాలి. యాసిడ్ పని ఖతమైన చుక్కకు తెల్లటి నీరు లేత గులాబీకి తిరుగుతుంది. అక్కడ ఆపి, ఎన్ని మిల్లీలీటర్ల క్షారం దిగిందో చూసి రాసుకోవాలి. ఒక్క చుక్క ఎక్కువైందా, పెళ్లి విందులో షర్బత్ రంగే. ఒకే అంకె రెండుసార్లు వచ్చేదాకా చేయాలని పుస్తకం చెబుతుంది. పిల్లలకు భద్రు కూడా అదే చెబుతాడు. తాను మాత్రం ఒక్కసారే చేస్తాడు. ఫ్లాస్కు మూతికి కుడిచేతి వేళ్లు అడ్డం పెట్టి, తలకిందులు చేసి ఒక్క విదిలింపు విదిలించడం ఆయన స్టైలు.

“రెండోసారి ఎందుకు చేయరు సార్?” అని ఎవరైనా అడిగితే, “మొదటిసారి మీద నమ్మకం లేనోడు చేస్తడు” అనేవాడు.

రెండో గర్వం జ్యోత్స్న. ఆయన తండా పిల్లే. సైన్సు గ్రూపు తీసుకున్న మొదటి ఆడపిల్ల. ఆ పిల్లను మిరపతోట నుంచి క్లాసుకు తేవడానికి ఆమె తల్లి హేమ్లితో భద్రు వేసవి అంతా వాదించాడు.

“కెమిస్ట్రీల నీ బిడ్డకు నేను జిమ్మేదార్ అక్కా” అన్నాడు చివరికి.

“మంచిది తమ్మీ” అంది హేమ్లి. “ప్రాక్టికల్ పోయిందనుకో, అది నాతోని మిరపకాయ ఏరనీకి వస్తది. నువ్వు గూడ సంచి పట్టుకొని ఎనక రావాలె.”

సంచి సంగతి ఎట్లా ఉన్నా, మాట పోవడం భద్రుకు ఇష్టం లేదు. పిల్ల చదువు ఆగడం అంతకన్నా ఇష్టం లేదు.

ప్రాక్టికల్ పరీక్ష రోజు ఖమ్మం నుంచి ఎగ్జామినర్‌గా రాజ్యశ్రీ మేడం వచ్చింది. చర్ల రోడ్డు గుంతల్లో ఆమె టిఫిన్ డబ్బాలోని పెరుగు మజ్జిగైంది. ఇంకో రెండు గుంతలుంటే వెన్న కూడా పడేది. ఆమె దిగేలోపల భద్రు తాంబూలం బిగించి, పరీక్షకు పెట్టిన యాసిడ్‌తో తన పద్ధతిలో ఒక్కసారి టైట్రేషన్ చేసి చూసుకున్నాడు.

“జవాబు పందొమ్మిది మేడం” అన్నాడు గట్టిగా.

ఆ మాట స్టూళ్లు సర్దుతున్న అటెండర్ పోతయ్య చెవిన పడింది. పోతయ్య గుండె వెన్న. డిస్టిల్డ్ వాటర్ పంచుతూ ప్రతి పిల్లవాడి దగ్గరా ఆగి, “ఇయ్యాల పందొమ్మిదో తారీఖు, యాద్ పెట్టుకోండ్రి” అని చెప్పుకుంటూ పోయాడు.

“ఇయ్యాల ఏడో తారీఖు గద పోతయ్యన్నా” అంది జ్యోత్స్న.

పోతయ్య తల కొట్టుకుని ముందుకు నడిచాడు.

మధ్యాహ్నానికి క్లాసు మొత్తానికి పందొమ్మిది వచ్చింది. జ్యోత్స్నకు ఇరవై వచ్చింది.

“ఒక మిల్లీలీటరు తేడా చిన్నదేం కాదమ్మా” అంది రాజ్యశ్రీ, పెన్ను మూత తీస్తూ. “మార్కులు మిగలవు.”

“రెండుసార్లు చేసిన మేడం. రెండుసార్లూ ఇరవయ్యే.”

భద్రు కళ్ల ముందు మిరపకాయల సంచి ఊగింది. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “ఇంకోసారి చూడు బిడ్డా. నిదానంగ.”

“కనబడ్డదే రాయమని మీరే చెప్పిన్రు గద సార్.”

రాజ్యశ్రీ ఇద్దరినీ చూసి, “అయితే ఒక పని చేద్దాం. ఇద్దరూ నా ఎదుటే మళ్లీ చేయండి” అంది.

భద్రు ముందుగా ధైర్యానికి ఇంకో ఆకు మడిచి దవడన పెట్టాడు. తర్వాత ప్రయోగం మొదలుపెట్టాడు. పందొమ్మిదిన్నర వచ్చింది. జీవితంలో తొలిసారి రెండోసారి చేశాడు. పద్దెనిమిది ముప్పావు. పక్క బల్ల మీద జ్యోత్స్న, గడియారం గంట కొట్టినట్టు, ఇరవై దగ్గరే ఆగింది.

“ఎండకు యాసిడ్ గూడ సోయి తప్పింది” అని భద్రు గొణుక్కున్నాడు.

మూడోసారికి ఫ్లాస్కు కడిగి, కాసిని నీళ్లు పోసి, మూతికి వేళ్లు అడ్డం పెట్టి విదిలించాడు. కంగారులో ఆ నీళ్లు పారబోయకుండా, యాసిడ్ పోయకముందే ఫినాఫ్తలీన్ చుక్కలు వేసేశాడు.

ఫ్లాస్కులో ఉన్నవి ఉత్త నీళ్లు. అవి గులాబీ రంగుకు తిరిగాయి.

భద్రు ఫ్లాస్కును చూశాడు. వేలును చూశాడు. గోటి సందులో సున్నం తెల్లగా నవ్వుతోంది. సున్నం క్షారమని పదిహేనేళ్లుగా పాఠం చెబుతున్నవాడు ఆయనే. ఫ్లాస్కును విదిలించినప్పుడల్లా వేలి సున్నం లోపలికి జారి, బ్యూరెట్ విప్పకముందే కొంత యాసిడ్‌ను తినేస్తోంది.

రాజ్యశ్రీ అప్పుడు జ్యోత్స్న బ్యూరెట్ మీదికి వంగి ఉంది. సింకు మూరెడు దూరంలో ఉంది. వంపేస్తే ఎవరికీ తెలియదు. పందొమ్మిది పందొమ్మిదిగానే ఉంటుంది, సారు సారుగానే ఉంటాడు, పిల్ల మిరపతోటకు పోతుంది.

“మేడం, గిటు చూడండ్రి” అని భద్రు ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తి పట్టాడు. “తప్పు ఆ పిల్లది కాదు. నా వేలిది.”

చేతులు రుద్ది కడుక్కుని వచ్చి మళ్లీ చేశాడు. ఇరవై. ఇంకోసారి చేశాడు. ఇరవై.

రాజ్యశ్రీ జ్యోత్స్నకు పూర్తి మార్కులు వేసింది. తర్వాత మెల్లగా క్లాసు వైపు తిరిగింది.

“భద్రు గారికి సున్నం వల్ల పందొమ్మిది వచ్చింది, సరే. మరి మీ అందరికీ ఎట్లా వచ్చింది? అందరూ ఆకులు వేసుకుంటారా?”

క్లాసు తల దించుకుంది. పోతయ్యకు గోడ మీది క్యాలెండర్‌తో అర్జెంటు పని పడింది. సాయంత్రం బస్సు పోయేదాకా అందరూ మళ్లీ మొదటి నుంచి టైట్రేషన్ చేశారు. ఈసారి తారీఖు ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రమే హేమ్లి తోట నుంచి వస్తూ దారిలో భద్రును ఆపింది.

“ఏంది తమ్మీ, నీ ఏలు నా బిడ్డను ముంచబోయిందట?”

“అవ్ అక్కా. నీ బిడ్డనే నన్ను ఒడ్డుకేసింది.”

“సంచి కుట్టి పెట్టిన. ఊకెనే పాయె” అని హేమ్లి నవ్వుకుంటూ పోయింది.

కథ మాత్రం ఊరుకుంటుందా? భద్రాచలం చేరేసరికి ఆయన వేలు పెడితే యాసిడ్ ఆవిరైపోతుందని అయింది. ఖమ్మం చేరేసరికి, సైన్సు కోసం తాతల నాటి సున్నాన్ని ఒక్క రోజులో వదిలిన త్యాగి అయ్యాడు. మొన్న చర్ల బస్సు దగ్గర ఒకాయన భద్రుకు రెండు చేతులూ జోడించి ఆ మాటే అన్నాడు. భద్రు దవడలోని ఆకును ఈ చెంప నుంచి ఆ చెంపకు మార్చాడు.

“నా ఏలు ఏం చంపలే, సున్నం చంపింది. సున్నం నేను మానలే గూడ. ఎడమచేత్తోని రాసుకుంటున్న.”