పుదీనా మీద నీలి కుట్టు

మొరాకోలోని మా ఫెజ్ ఊళ్లో కుట్టుపని మీద పేరు రాసుకునే అలవాటు లేదు. గుడ్డను ఎటు తిప్పినా ఒకేలా కనిపించేటట్టు కుట్టడమే మాకు సంతకం. ఆ సంతకం చదవడం రానివాళ్లు బజారులో ఎక్కువయ్యాక మా మహ్జూబాకు కష్టం వచ్చిపడింది.

మహ్జూబా నా చిన్ననాటి స్నేహితురాలు. అరవై దాటింది, కళ్లజోడు మూడుసార్లు మార్చింది, చేయి మాత్రం వణకదు. ఆమె కుట్టే నీలి నక్షత్రాల గుత్తి ఒకటుంది. మా వీధిలో ఏ పెళ్లికూతురి పెట్టె తెరిచినా అన్నిటికన్నా పైన అదే. నిరుడు తయ్యెబ్ అనే బట్టల వ్యాపారి దాన్నే మిషను మీద కుట్టించి, "మా తాతగారి డిజైన్" అని కొట్టు ముందు బోర్డు పెట్టాడు. ఈవిడ ఊరుకుంటుందా? వెళ్లి దులిపేసింది.

అతను తాపీగా టీ తాగుతూ, "నీదైతే నీ పేరెక్కడ రాసుందో చూపించు లల్లా, బోర్డు ఇప్పుడే పీకేస్తా" అన్నాడు. లల్లా అంటే మావైపు అమ్మగారూ అని.

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. వారం తిరక్కుండా ఆన్‌లైన్‌లో ఎన్.ఎఫ్.టి.లు, మెటావర్స్ నేర్పే కోర్సులో చేరింది. బొమ్మ మీద ఎవరూ చెరపలేని పేరు రాయడం అందులో నేర్పుతారట.

"నీకు ఫోన్లో అలారం ఆపడమే రాదు కదే" అన్నాను.

"నీకు ఈ వయసుకీ సూదిలో దారం ఎక్కించడం రాదు. నేనేమైనా అన్నానా?" అంది.

తోడుగా నన్నూ కూర్చోబెట్టింది. రెండో పాఠం మెటావర్స్. ఫోనులోనే ఒక పెద్ద హాలు, గోడలకు చిత్రాలు, మన బదులు తిరిగే బొమ్మ మనుషులు. పావుగంటలో చిత్రాలన్నీ చూసి రావాలి. ఈవిడ ఎదురైన ప్రతి మనిషికీ సలాం చెప్పి, ఒంట్లో ఎలా ఉంది, పిల్లలు బాగున్నారా, అత్తగారు కులాసాయేనా అని వరసగా అడగడం మొదలుపెట్టింది. నాలుగో మనిషి అత్తగారి దగ్గరికి వచ్చేసరికి హాలు మూసేశారు. ఒక్క చిత్రమూ చూడలేదు.

"పలకరించకుండా గోడలు చూస్తూ పోతే ఏమనుకుంటారే?" అని తిరిగి నా మీదే విరుచుకుపడింది.

పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి. కింద అరబీ మాటలు యంత్రమే వేస్తుంది. మూడో పాఠంలో, "ఇప్పుడు మీ బొమ్మను పుదీనా చెయ్యండి. ఒక్కసారే పుదీనా చెయ్యండి. చేశాక వెనక్కి తీసుకోలేరు" అని పడింది. మహ్జూబా ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. మా ఊళ్లో పుదీనా టీ లేకుండా ఏ మంచి పనీ మొదలవదు మరి.

"చూశావా, వీళ్లకూ మర్యాదలు తెలుసు" అంటూ నన్ను బజారుకు తరిమి రెండు కట్టలు తెప్పించింది. వాడిన ఆకులన్నీ ఏరేసి, పళ్లెంలో పరిచి, మధ్యలో నక్షత్రాల గుడ్డ పెట్టి ఫోటో తీసి పంపింది. ఆ పుదీనాతోనే ఇద్దరం టీ కాచుకుని తాగాం.

గురువారం టీచరు ఇబ్తిసాం ఫోనులో ఎదురుగా వచ్చింది. కాసాబ్లాంకా పిల్ల, మర్యాదస్తురాలు.

"లల్లా, ఫోటో ఎంత బావుందో! కానీ ఆ పుదీనా ఎందుకు?"

"మీరే చెయ్యమన్నారు కదమ్మా. తాజాదే పెట్టాను. ఒక్కసారే చేశాను."

ఆ పిల్ల నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఇంగ్లీషులో మింట్ అంటే పుదీనా కూడానట, నాణెం మీద ముద్ర వెయ్యడం కూడానట. యంత్రం పుదీనావైపు మొగ్గింది.

"పేరు రాసి నొక్కారంటే ముద్ర పడినట్టే లల్లా. ఇక మీరు కూడా చెరపలేరు."

"అబద్ధం రాస్తేనో?"

"అబద్ధమే నిలిచిపోతుంది. నిజమా కాదా అని అది అడగదు."

నేను ఇంకా పుదీనాకే పడీ పడీ నవ్వుతున్నాను. మహ్జూబా నవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం ముద్ర వెయ్యడానికి కూర్చున్నాం. ఫోటో కింద ఒక గడి వచ్చింది: "సృష్టించినవారి పూర్తి పేరు." తయ్యెబ్ ముఖం ఎలా మాడిపోతుందో తలుచుకుంటూ నేను అప్పటికే బాదం కజ్జికాయలు పళ్లెంలో సర్దేశాను. మహ్జూబా మొదటి అక్షరం కొట్టి ఆగింది. చెరిపింది. మళ్లీ కొట్టింది, మళ్లీ చెరిపింది.

"ఏమైందే? నీ పేరు నువ్వే మర్చిపోయావా?"

"ఈ గుత్తి గీసింది మీ అమ్మ కదే" అంది.

నిజమే. మా అమ్మ ముందుగదిలో ఆడపిల్లలకు కుట్టు నేర్పేది. ఆ గుత్తిని తనే పోగులు లెక్కపెట్టి, గీసి, మహ్జూబాకు నేర్పింది. నాకూ నేర్పబోయి, నా పనితనం చూసి దండం పెట్టింది. ఈ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. నలభై ఏళ్లుగా దాన్ని బతికించింది మహ్జూబా, నేను కాదు. అందుకే ఆమెదనడం నాకెప్పుడూ తప్పనిపించలేదు.

"ఇన్నేళ్లూ కుట్టింది నువ్వే కదే."

"కుట్టాను. గీయలేదు. చెరగనిచోట నాది అని రాస్తే నాకూ ఆ తయ్యెబ్‌కీ తేడా ఏముంది?"

"మరి వాడికేం చూపిస్తావు?"

"ఇదే చూపిస్తా. నీ తాతదీ కాదు, నాదీ కాదు, చదువుకో అంటా. ముందు పేరు చెప్పు. పూర్తి పేరు కావాలట."

అమ్మను లోకమంతా "తామూ" అనే ముద్దుపేరుతోనే పిలిచింది. చదువు లేదు కాబట్టి కాగితాల మీద వేలిముద్రే. ఆమె పోయి పదిహేడేళ్లయింది. ఇన్నేళ్లలో ఆ పూర్తి పేరు నేను ఒక్కసారీ పైకి అనలేదు.

"ఫాతిమా" అన్నాను. "ఫాతిమా బెంత్ అల్లాల్ సెర్ఘీనీ."

మహ్జూబా ఒక్కో అక్షరాన్నీ ఒక్క వేలితో నిదానంగా కొట్టింది. నాచేత రెండుసార్లు చదివించింది. "ఇక మార్చలేరు. ఖాయమేనా?" అని ఫోను అడిగింది.

"నువ్వు నొక్కవే" అంటూ ఫోను నా చేతిలో పెట్టింది.

ఏడుపొస్తున్నా నవ్వుతూనే నొక్కాను.