రేపల్లె వెళ్ళిన మా కుంటి బాతు

కాలవకి నీళ్ళు కట్టేశారంటే మా చిన్నప్పుడు ఇంట్లో ఆడవాళ్ళకి నడుములు పడిపోయేవి... ఎనభైల్లో మాట. తెనాలి పక్కన మా ఊళ్ళో వేసవంతా చేతిపంపే దిక్కు. ఆ ఏడు దానికి తోడు మాకో కుంటి బాతు!

కోతలయ్యాక బాతులవాళ్ళు వందల బాతుల్ని చేలల్లో మేపడానికి తోలుకొచ్చేవాళ్ళు, గుర్తుందా? మందతో నడవలేకపోతోందని ఒకదాన్ని మా నాన్న చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఎడమకాలు వంకర. అమ్మ పసుపూ సున్నం కలిపి పట్టు వేసింది, పుల్లలు పెట్టి గుడ్డపేలిక చుట్టింది... ఊహూ, ఆ కాలు బాగుపడలేదు.

నేల మీద నాలుగడుగులు వేసి కూలబడేది. నీళ్ళల్లో వదిలితే మాత్రం మహారాణే. అందుకని రోజూ బడికి ముందు, బడయ్యాక, చంకనెత్తుకుని కాలవకి మోసేదాన్ని. తవుడు కలపడం, నత్తలు ఏరి చితక్కొట్టి పెట్టడం అన్నీ నేనే. ముద్దుగానే ఉంటుంది గానీ ఎంత చాకిరీ అండీ అది... గౌను నిండా రెట్టే.

ఏప్రిల్లో కాలవ ఎండిపోయింది. ఎంతసేపూ నేల మీదే కూర్చోవడంతో దాని రొమ్ము కింద ఈకలు ఊడి పుండు పడింది. తొట్టిలో నీళ్ళు పోస్తే గంటలో కంపు. మళ్ళీ పంపు కొట్టాలి, మళ్ళీ మొయ్యాలి. అమ్మ నర్సు. రోజంతా ఆస్పత్రిలో నిలబడి వచ్చి, వంట చేసి, దీనికోసం బిందెలు మోసేది. ఓ సాయంత్రం ఆ తొట్టి పక్కనే చతికిలబడిపోయింది.

"దానికి ఒక్క కాలే. నాకు రెండూ లాగేస్తున్నాయే" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

రేపల్లెలో మా మేనత్త దగ్గర వదిలేద్దామన్నారు నాన్న. అత్తయ్య ఇంటి వెనకే చేలల్లో నీళ్ళు దిగే మురుగుకాలవ, ఏడాది పొడుగునా నీళ్ళు. ఇక్కడ కాలవ వదలగానే తెచ్చేసుకుందామని నాకు మాటిచ్చారు. మామయ్య పోయి అప్పటికి ఏడాది కాలేదు. పిల్లల్లేరు. అత్తయ్య చర్చికి కూడా వెళ్ళట్లేదని, ఉన్నచోటే కూర్చుంటోందని ఇంట్లో అనుకునేవాళ్ళు. ఈవిడా నా బాతుని చూసేది అని నాకొకటే బెంగ.

గంపలో పెట్టి రైల్లో తీసుకెళ్ళాం. "అక్కడ పెట్టండి" అంది అత్తయ్య, అంతే. తిరిగొచ్చేటప్పుడు దారంతా ఏడుపే. ఇంక అది బతకదనుకున్నా.

జూన్ ఆఖర్లో కాలవకి నీళ్ళొచ్చాయి. నాన్న ప్రాణం తోడేసి మరీ, ఆయన్ని వెంటేసుకుని, గంప పట్టుకుని రేపల్లె వెళ్ళాను.

అత్తయ్య పెరట్లో గట్టు మీద పీటేసుకుని కూర్చుంది. శుభ్రంగా తల దువ్వుకుని ఉంది. నీళ్ళల్లో నా బాతు! పుండు మానిపోయింది, ఈకలొచ్చాయి. పాతచీరతో దానికో మెత్త కూడా కుట్టింది. తెల్లారగానే నీళ్ళల్లోకి, పొద్దుగూకితే లోపలికి తనే ఎత్తుకుని తిప్పుతోందట. దానితో ఒకటే కబుర్లట. ఇదంతా పక్కింటావిడ చెప్పింది... మా అత్తయ్య ఎక్కడ చెప్తుంది!

అన్నాలయ్యాక తనే బాతుని గంపలో పెట్టింది. కింద మెత్త సర్దింది. పైన గుడ్డ కప్పి నా ముందుకి జరిపింది.

"తీసుకెళ్ళమ్మా, నీదేగా. పొద్దున్నే లేవడానికి నాకో పని ఉండేది... అంతే."

నాకు నా బాతు కావాలి. ఎంత కావాలంటే, గంపని రెండు చేతులా గట్టిగా పట్టేసుకున్నాను. అత్తయ్యేమో చేతులకి ఏం తోచక కొంగు మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడతపెడుతోంది. అది చూడలేకపోయాను. సెలవులకి వచ్చి చూసుకుంటాలే అత్తయ్యా అని గంప అక్కడే వదిలేసి లేచాను. స్టేషన్ దాకా ఏడుపు ఆపుకున్నా. తర్వాత నావల్ల కాలేదు.

అది ఇంకొన్నేళ్ళు అక్కడే బతికింది. అత్తయ్య మళ్ళీ మనుషుల్లో పడింది.

ఇప్పుడెవరింట్లోనైనా మనిషి పోతే ఫోన్ చేస్తాం, ధైర్యంగా ఉండమంటాం, పెట్టేస్తాం. నేనూ అంతే... ఓపికలు లేవు మరి. మీ ఇంట్లో ఇలా ఎవరికో ఇచ్చి, మళ్ళీ అడగలేకపోయిన ప్రాణి ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి. ధైర్యం చెప్పేవాళ్ళకి ఇప్పుడు కొదవలేదు... అలా ఒక ప్రాణాన్ని తెచ్చి చేతిలో పెట్టేవాళ్ళే కనపడట్లేదు.