పదకొండు, సరిపాయ

ఈశ్వర్‌కు ఒకటే జబ్బు. నలుగురు మనుషులు ఒకచోట కనబడితే లెక్కపెడతాడు. పెళ్ళి బంతిలో లెక్కపెడతాడు, బస్సులో లెక్కపెడతాడు, చావింట్లో కూడా పెదవులు కదుపుతూ కనబడ్డాడని ప్రొద్దుటూరులో చెప్పుకుంటారు. తాతముత్తాతల నుంచి గొర్రెలు కాసిన ఇల్లు మరి. సాయంత్రం దొడ్డి తలుపు సగమే తెరిచి, ఒక్కొక్కదాన్నే లోపలికి వదులుతూ లెక్కపెట్టిన చేతులు, బీటెక్ చదివినంత మాత్రాన ఊరుకుంటాయా?

తమాషా ఏమిటంటే, ఆయన కంపెనీ పెట్టిందే గొర్రెలను లెక్కపెట్టే బాధ తప్పించడానికి. గొర్రె మెడకు చిప్పు ఉన్న పట్టీ కడతారు. మందలోంచి ఒకటి తప్పిపోతే కాపరి ఫోన్‌కు కబురొస్తుంది. ఇంత గొప్ప టెక్నాలజీకి యజమాని అయిన ఆ మహానుభావుడు, బంగారు అంగడి మీద అద్దెకు తీసుకున్న ఆఫీసుకు రెండు రెక్కల తలుపు ఉంటే, ఒక రెక్క ఎప్పుడూ మూసి గొళ్ళెం పెడతాడు. ఉద్యోగులు పొద్దున్నే పక్కకు తిరిగి ఒక్కొక్కరే దూరాలి. ఆయన లోపల నిలబడి వేలు ఆడిస్తూ, పదకొండు దగ్గర ఆగి, "సరిపాయ" అంటాడు. భోజనం తర్వాత మళ్ళీ. టీ తాగి వచ్చాక మళ్ళీ.

హెలెన్ అందరికంటే చివర చేరింది. బెంగుళూరులో రెండేళ్ళు ఉద్యోగం చేసి, ఆ ఊరికో దండం పెట్టి, జమ్మలమడుగులో అమ్మ దగ్గరికి వచ్చేసింది. రోజూ బస్సులో ప్రొద్దుటూరు వస్తుంది. హైదరాబాదులో ఉండే పెట్టుబడిదారుకు నెలనెలా పురోగతి నివేదికలు రాయడం ఆమె పని. పురోగతి ఉన్నా లేకున్నా రాయాలి.

ఆ నెల పురోగతి భేషుగ్గా మొదలైంది. మొదటి వారంలో చక్రాయపేట మేకలు ఒకదాని మెడ పట్టీ ఇంకొకటి నమిలి మింగేశాయి. "మా ఉత్పత్తిని వినియోగదారులు ఇష్టంగా స్వీకరించారు" అని హెలెన్ రాసుకుంది. రెండో వారంలో పులివెందుల నుంచి చౌడమ్మ ఫోన్ చేసింది. ఆమెకు నూట ఇరవై గొర్రెలు.

"ఏమబ్బీ, నా గొర్రెలు యాడుండాయి?"

"ఫోన్లో చూడు పెద్దమ్మా, చూపిస్తాది," అన్నాడు ఈశ్వర్.

"చూసినా. ఎర్రగుంట్ల రైల్వే స్టేషన్లో ఉండాయంట. నేనేమో వాటి మద్దెన నిలబడుకోని మాట్లాడతాండా. టికెట్టు తీసినాయో లేదో కనుక్కో."

తప్పేమో ప్రోగ్రాం రాసిన జహీర్‌ది. పాపం, అతను తల దించుకుని కూర్చున్నాడు. ఈశ్వర్ అతన్ని ఒక్క మాట అనలేదు. గదంతా ఒకసారి చూసి, "పదకొండు. అందరూ ఉండారు గదా, చూసుకుందాంలే," అని టీకి వెళ్ళాడు. ఇలాంటి యజమాని దొరకడం తమ పూర్వజన్మ సుకృతమని హెలెన్ పళ్ళు కొరుక్కుంది.

పెట్టుబడిదారు మాత్రం అంత మెత్తటివాడు కాదు. ఆయన ఈమెయిల్ హెలెన్‌కే వచ్చింది. "మీరు పన్నెండు మంది ఉన్నారు. ఒకరిని తగ్గించి, మిగిలినవారి పేర్లు నెలాఖరుకు పంపండి."

హెలెన్ దాన్ని రెండుసార్లు చదివింది. పన్నెండు మంది ఉన్న ఆఫీసులో ఈశ్వర్ రోజూ పదకొండు దగ్గరే ఆగుతున్నాడు. ఇన్నాళ్ళూ ఆయనకు లెక్క రాదనుకుంది. రాక కాదు, తనను లెక్కలోనే వేయడం లేదన్నమాట. మర్నాటి నుంచి ఆమె తలుపులో దూరేటప్పుడు గట్టిగా దగ్గింది. రెండుసార్లు నమస్కారం పెట్టింది. అయినా ఆ వేలు పదకొండు దాటలేదు. మళ్ళీ బెంగుళూరు వెళ్ళాలంటే ఏడుపొచ్చింది.

మూడో వారంలో నిజంగానే పురోగతి వచ్చింది. జహీర్ నాలుగు రోజులు కుర్చీ వదలకుండా కూర్చుని తప్పు సరిచేశాడు. ఆ వారమే చౌడమ్మ గొర్రె ఒకటి వంకలో పడి కాలు ఇరుక్కుంటే, ఫోన్ చోటు చూపించింది. గొర్రె బతికింది. చౌడమ్మ పులివెందుల సంతలో ఎంత గట్టిగా చెప్పిందంటే, యాభై మందల వాళ్ళు పట్టీలు కావాలన్నారు. హెలెన్ మొదటిసారి ఉన్నది ఉన్నట్టు రాసింది. "సంతోషం. పేర్లు ఇంకా రాలేదు," అని జవాబొచ్చింది.

నెలాఖరు రోజు ఈశ్వర్ ఆమె బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. "ఇది పంపుమ్మా."

హెలెన్ కాగితాన్ని చేత్తో మూసి, కింది నుంచి కొద్దికొద్దిగా తెరిచింది. అన్నింటికంటే కింద తన పేరే ఉంది. దాని మీద జహీర్. అందరూ ఉన్నారు. వేలు పెట్టి లెక్కపెట్టింది. పదకొండు. అప్పుడు అర్థమైంది.

"అన్నా, నీ పేరు మర్చిపోయినావు."

"మర్చిపోలేదు. ఒకరిని తీసెయ్యమన్యారు గదా."

"నీ కంపెనీలోంచి నిన్నే తీసేసుకుంటావా?"

"గొర్రెల్ని లెక్కబెట్టేటోడు తనను కలుపుకుంటాడా యాడన్నా? నేను ఎప్పుడు లెక్కబెట్టినా మీరు పదకొండే. దాన్ని పది చేసేది నాకు రాదుమ్మా."

"మరి జీతం లేకుండా ఎట్ల బతుకుతావు?"

"మా నాయనకు అరవై గొర్రెలుండాయిలే. వాటిని కాసుకుంటా. మన పట్టీ మాత్రం కట్టనీడు, నమ్మకం లేదంట."

నెలంతా ఈ మనిషిని తిట్టుకున్నందుకు హెలెన్‌కు సిగ్గేసింది. సిగ్గు తర్వాత కోపం వచ్చింది. ఆ కోపంలోనే పేర్లు పంపింది, కింద నాలుగు ముక్కలు చేర్చింది. "మీరు చెప్పినట్టే ఒకరిని తగ్గించాం. ఆయన యజమాని. ఆ యాభై మందల వాళ్ళకు ఆయన తప్ప ఇంకెవరూ తెలియదు. రేపటి నుంచి వాళ్ళకు మీ నంబరు ఇమ్మంటారా? ముందుగా చౌడమ్మ మాట్లాడుతుంది."

పది నిమిషాల్లో జవాబొచ్చింది. "వద్దు. పన్నెండు మందీ ఉండండి."

మర్నాడు హెలెన్ మొదటి బస్సుకే వచ్చి, ఒక రెక్క మూసి, లోపల నిలబడింది. ముందు తనను కలుపుకుని, వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే లెక్కపెట్టింది. అందరికంటే చివర ఈశ్వర్ పొట్ట లోపలికి పీల్చుకుని, పక్కకు తిరిగి దూరాడు.

"పన్నెండు. సరిపాయ."

"నన్నెందుకు లెక్కబెడతాండావుమ్మా?"

"నీ మెడకు పట్టీ లేదు గదన్నా. తప్పిపోతే మాకు ఫోన్ రాదు."