జానెడు కిందికి దిగిన అద్దం

2024వ సంవత్సరం జనవరి పద్దెనిమిదవ తేదీ, గురువారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. తెల్లవారుజామున కమ్ముకొన్న మంచు అప్పుడే విడిపోతూ, సెంటినరీ కాలనీ క్వార్టర్ల పైకప్పుల మీద పలుచని ఎండ పరచుకొంటున్నది. గాలి లేదు, చలి మాత్రం ఇంకా గడపలోనే కూర్చున్నది. సరిగ్గా ఆ వేళకు ఒక క్వార్టరు తలుపు తట్టి, "ఇంట్ల ఎవరన్న ఉన్నరా? జెర సుత్తె ఉంటె ఇయ్యరాదుండ్రి" అని కేకవేసిన మనిషి పేరు మల్లక్క. తలుపు తీసిన ఇల్లాలి పేరు సంతోషి.

మల్లక్కకు అరవై యేండ్లు నిండడానికి అయిదు నెలలు తక్కువ. నిటారైన మనిషి, పెద్ద గొంతు. భర్త రాజం జబ్బుచేసి కాలం చేయగా, ఆయన ఉద్యోగానికి బదులుగా బొగ్గు కంపెనీ ఆమెకు గనిపైన ల్యాంపు రూములో పని ఇచ్చింది. గనిలోకి దిగే ప్రతి కార్మికునికీ టోపీకి తగిలించుకొనే దీపం అందించడం, షిఫ్టు ముగిసి అతడు తెచ్చి ఇచ్చిన దీపాన్ని తుడిచి ఛార్జింగులో పెట్టడం ఆమె కొలువు. ఆనాడు సెలవు పెట్టి, సంతోషి పక్క క్వార్టరులోకి సామాను దించుకొన్నది. అన్నింటికన్నా ముందు రాజం ఫోటో గోడకెక్కాలని ఆమె పట్టుదల. మేకులున్నవి గాని సుత్తె కనబడలేదు.

సంతోషి చంకలో అయిదు నెలల పాప ఉన్నది. మూడేండ్ల రుత్విక్ ఆమె నైటీ అంచు పట్టుకొని వేలాడుతున్నాడు. మల్లక్క ఆమెను తేరిపార చూసి పకపకా నవ్వింది.

"బొట్టు షిఫ్టు మారిందేంది పిల్లా? నొసటి నడుమ ఉండాల్సింది పాపట కాడికి డ్యూటీకి పోయింది!"

సంతోషి చప్పున నుదురు తడుముకొన్నది. బొట్టు నిజంగానే కనుబొమ్మలకు రెండు వేళ్ళు పైన, ఒక పక్కకు ఒరిగి ఉన్నది. నవ్వవలసిన మాటే, నవ్వు రాలేదు. సుత్తె తెచ్చి చేతిలో పెట్టి తలుపు వేసుకొన్నది.

ఆ బొట్టు తప్పుటకు కారణం గోడ మీద ఉన్నది. సంతోషి భర్త వీరేందర్ గనిలో పంపు ఆపరేటరు. ఆరడుగులకు రెండంగుళాలు తక్కువ మనిషి. క్వార్టరు దొరికిన రోజున, డ్యూటీకి పోయే ముందు నిలబడి మీసం కత్తిరించుకొనేందుకు వీలుగా తన కంటి ఎత్తున అద్దం తగిలించాడు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు పేలుళ్ళు జరిగినప్పుడల్లా గోడలు అదురుతాయి గనుక, మేకును సగం వేలు లోతుకు దిగగొట్టాడు. సంతోషి అయిదడుగులు కూడా లేదు. ఆ అద్దంలో ఆమెకు కనబడేది పాపట, దాని కింద నాలుగు వేళ్ళ నుదురు. చేతి అద్దం ఒకటి ఉండేది గాని, దానిని కిందటి ఏడు రుత్విక్ ముక్కలు చేశాడు. ఇంకొకటి కొనాలన్న తలంపు పాలసీసాల నడుమ, తడిగుడ్డల నడుమ ఎక్కడో జారిపోయింది.

మల్లక్క వెళ్ళిన తరువాత సంతోషి పీట ఒకటి వేసుకొని దాని మీద నిలబడ్డది. చాలా కాలానికి తన ముఖం తనకు పూర్తిగా కనబడ్డది. కండ్ల కింద నలుపు. రెండు చెంపల మీద, కాన్పుకు ముందు మొదలై కాన్పు తరువాత కూడా పోని మంగు మచ్చలు. కణతల దగ్గర పలుచబడ్డ జుట్టు. పెద్దపల్లిలో డిగ్రీ చదివే రోజుల్లో ఆమె జడను బస్సు కండక్టరు కూడా ఆనవాలు పట్టేవాడు. పీట దిగింది. ఆ పీటను మంచం కిందికి తోసివేసింది.

తల్లి అనసూర్య కాన్పు తరువాత మూడు నెలలు ఊళ్ళో పెట్టుకొని చూసి, పత్తి ఏరుడు ముంచుకు రాగా కూతురిని పిల్లలతో క్వార్టరుకు దిగబెట్టి పోయింది. అత్తగారు జమున పెండ్లికి ముందే పోయింది. ఆమె పేరే పాపకు పెట్టుకొన్నారు. ఇంటి పని, ఇద్దరు పిల్లలు, వారం వారం మారే భర్త షిఫ్టు వేళలు: వీటి నడుమ ఆమె కంటికి వరుసగా మూడు గంటల కునుకు దొరకడమే గగనమైపోయింది.

ఇంతలో ఒక చిక్కు వచ్చి పడింది. కంపెనీ దవాఖానలో చూపించుకొనే మెడికల్ కార్డులో పాప పేరు చేర్పించాలంటే, తల్లి ఒడిలో బిడ్డతో దిగిన కుటుంబం ఫోటో ఇవ్వాలి. ఫిబ్రవరి నెలాఖరు గడువు. పోదామని వీరేందర్ అన్నప్పుడల్లా "వచ్చే ఆదివారం" అని సంతోషి వాయిదా వేస్తూ వచ్చింది. ఒకనాడు తలనొప్పి, ఒకనాడు బాబుకు దగ్గు. అసలు కారణం ఆమె నోట రాలేదు. వీరేందర్ ఫోనులో పిల్లల ఫోటోలు ఎనిమిది వందలకు పైన ఉన్నవి. వాటిలో సంతోషి ఉన్న చోట ఒక చెయ్యి కనబడుతుంది, ఒక మోకాలు కనబడుతుంది, ముఖం కనబడదు. తన ముఖం దాచుకోవడం వల్ల బిడ్డకు కార్డు లేకపోవుట ఆమెకు తెలియక కాదు. తెలిసీ కాలు కదలకపోవడమే ఆమెను లోలోపల తినివేస్తున్నది.

జనవరి ఇరవై మూడు మంగళవారం. ఆ వారం వీరేందర్‌ది రెండో షిఫ్టు. పొద్దున కార్డు పనిమీద కంపెనీ ఆఫీసుకు పోయి, పన్నెండు గంటలకు ముఖం ముడుచుకొని తిరిగి వచ్చాడు.

"తీసుకోలే. పిల్ల తల్లి ఒడిల ఉండాలెనట."

"ఏ ఫోటో ఇచ్చినవ్ బావా?"

"పెండ్లిది. నీదొక్కటే కత్తిరిచ్చి అంటబెట్టిన. ఆఫీసుల కార్డులు జూసే లింగమూర్తి సార్ ఒకటే నవ్వుడు. 'పిల్ల పుట్టకముందటి తల్లిని తెస్తివి వీరేందరూ, పుట్టినంక తల్లేది?' అన్నడు."

"నన్నడుగకుంట ఎందుకిచ్చినవ్?"

"అడిగితె మల్ల ఆదివారమే అంటవ్. నీకెందుకు తిప్పల అనుకున్న. అండ్లనయితె మంచిగుంటివి గద."

అతడు మేలు తలచే అన్నాడు. ఆ మాట ఆమెకు పుండు మీద కారమైంది. మేనబావ, చిన్ననాటి నుండి ఎరిగినవాడు. అతడు సైతం ఇప్పటి ముఖాన్ని పక్కన పెట్టి అప్పటి ముఖాన్నే ఎన్నుకొన్నాడు. సంతోషి పాపను భుజాన వేసుకొని వంటింట్లోకి పోయి, పొయ్యి మీది పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడింది.

శుక్రవారం గణతంత్ర దినం. గనులకు సెలవు. గని ఆవరణలో జెండా ఎగురవేసిన తరువాత ఇచ్చిన లడ్డూ పొట్లం ఒక చేత, ఎనిమిది రోజుల నాటి సుత్తె ఒక చేత పట్టుకొని మల్లక్క పది గంటలకు వచ్చింది. గనిలోకి దిగేముందు ఆమె చేతి దీపమే అందుకొనే వీరేందర్ ముందుగదిలో పాపను ఆడిస్తున్నాడు. లోపలిగదిలో సంతోషి పెండ్లినాటి ఆకుపచ్చ జాకెట్టు ఒకటి ముందు వేసుకొని కూర్చున్నది. ఫోటోకని ధైర్యం చేసి తొడుగబోతే రెండు హుక్కులు పటపట తెగిపోయాయి. ఆ తెగిన హుక్కులను చేతిలో పట్టుకొని ఆమె కన్నీరు కారుస్తున్నది.

"ఏంది బిడ్డా, గంత పనేమైంది?"

"ఏం కాలే అక్కా. దొడ్డుగైన. గంతే."

మల్లక్క జాకెట్టు తీసుకొని తిరగవేసి, చంక కింది కుట్టును వెలుతురుకు పట్టి చూసింది. "నీ దగ్గర బ్లేడుందా?"

"ఎందుకు?"

"గిటు చూడు. ఒకటి, రెండు, మూడు. పక్కపక్కన మూడు కుట్లేసిండు దర్జీ. లోపట రెండు వేళ్ళ బట్ట దాచిండు. లోపలి కుట్టు విప్పితె బయటి కుట్టు తయారుగనే ఉంది. పెండ్లికి కొలతలు తీసుకున్ననాడే వానికెరుక నువ్వు పెరుగుతవని. నీకే ఎరుక లేదు!"

సంతోషి ఏడుపులోనే నవ్వింది. బ్లేడు తెచ్చింది. మల్లక్క ఒక్కొక్క పోగు లాగుతూనే అడిగింది: "అన్నం వేడిగ తిని ఎన్నొద్దులైంది?"

"పిల్లలు తిన్నంక తింట."

"చల్లారినంక తింటవన్నట్టు. తలకు నూనె?"

"టైమెక్కడిది అక్కా?"

"నా మాటిను. రోజు మూడు వందల ల్యాంపులు నా చేతులకెళ్ళి పోతయ్. షిఫ్టు దిగి వచ్చిన ల్యాంపు మొకమంత మసి, వెలుగు మినుకుమినుకు. ఇగ ఇది ఖరాబైందని పారేస్తమా? ముందుగాల అద్దం తుడుస్తం, తర్వాత ఛార్జింగుల పెడ్తం. నువ్వు దించకుంట వెలిగిచ్చుకుంటనే ఉన్నవ్. మసిని చూసి దీపమే పోయిందనుకుంటున్నవ్."

"నేను ల్యాంపునా ఇప్పుడు?"

"దానికన్న ఎక్కువనే. ల్యాంపు పిల్లలకు పాలియ్యదు."

జాకెట్టు సరిపోయింది. ఊపిరి పీల్చినా హుక్కులు కదలలేదు. సంతోషి అలవాటు చొప్పున ముందుగదిలోని అద్దం దగ్గరికి పోయి, మునివేళ్ళ మీద నిక్కి, గడ్డం పైకెత్తి చూడబోయింది. పక్కనే ఉన్న మల్లక్కకు ఆ అద్దంలో తన ముఖం నిండుగా కనబడింది. సంతోషి పాపట మాత్రమే కనబడింది. బొట్టు షిఫ్టు మారిన సంగతి అప్పటికి బోధపడి, మల్లక్క వీరేందర్ వైపు తిరిగింది.

"వీరేందరూ, ఇన్నేండ్ల సంది నీ పెండ్లాం ఈ అద్దంల ఏం జూస్తుందో నీకెరుకేనా?"

"ఏం జూస్తది అక్కా? మొకం జూస్తది."

"ఒక్కసారి మోకాళ్ళు వంచి ఆమెంత ఎత్తుకు దిగి చూడు."

వీరేందర్ పాపను ఎత్తుకొని భార్య పక్కన నిలబడి మోకాళ్ళు వంచాడు. అద్దంలో అతని నుదురు కనబడింది, పాప గుండు కూడా కనబడలేదు. ఆ తరువాత "మేకు మస్తు లోతుకు కొట్టిన అక్కా" అని గొణిగాడు.

"సుత్తె తెచ్చిన గద! గని లోపట ల్యాంపు లేకుంట ఒక్క అడుగు వెయ్యవు. ఇంట్ల ల్యాంపుకు అర్ధగంట ఛార్జింగియ్యవా? పొద్దుగాల ఇంటికాడ ఉన్నన్ని దినాలు పిల్లలిద్దర్ని అర్ధగంట నువ్వు పట్టుకో. ఆమె తానం జేస్తదో, తల దువ్వుకుంటదో, ఊకెనే గోడకొరిగి కూసుంటదో, అడుగకు."

వీరేందర్ పెన్సిలు తెచ్చి, సంతోషిని గోడకు ఎదురుగా నిలబెట్టి, ఆమె కంటి ఎత్తున గీత గీశాడు. పాత మేకుకూ ఆ గీతకూ నడుమ సరిగ్గా జానెడు. పాత మేకును పెరికితే అరచేయంత గచ్చు ఊడివచ్చింది. కొత్త మేకు దిగగొట్టి అద్దం తగిలించాక, "మంచిగుంటివి అన్నది ఒక్క పెండ్లి ఫోటో సంగతే కాదు సంతోషీ" అన్నాడు మెల్లగా.

"మరి దేని సంగతి?"

అతడు సుత్తె పిడిని అటూ ఇటూ తిప్పాడు. "మాట రానోనికి మేకన్న కొట్టచ్చె, సంతోషపడు" అని లడ్డూ విరిచి ముగ్గురికీ పెట్టి మల్లక్క తన ఇంటికి పోయింది.

ఆ మరునాటి నుండి జరిగినవి చెప్పుకోదగ్గ గొప్ప పనులు కావు. సంతోషి రోజూ పొద్దున చన్నీళ్ళతో ముఖం కడుక్కొని, శనగపిండిలో పెరుగు కలిపి రాసుకొన్నది. రెండు రోజులకొకసారి గోరువెచ్చని కొబ్బరినూనె తలకు పట్టించి, బిగుతుగా కాక వదులుగా జడ అల్లుకొన్నది. తన పళ్ళెం తానే ముందు వడ్డించుకొని అన్నం వేడిగా తిన్నది. నైటీ విప్పి, పొద్దున్నే ఉతికిన చీర కట్టుకొన్నది. మిగిలిన మూడు జాకెట్లకు లోపలి కుట్లు తానే విప్పుకొన్నది. కొన్ని నాళ్ళు ఆ అర్ధగంట నిద్రకే చెల్లిపోయింది. అట్టి రోజులలోనే ముఖం ఎక్కువ తేటగా ఉన్నట్టు ఆమె గమనించింది. వీరేందర్ మొదటి షిఫ్టుకు పోయిన వారం ఆ నియమం రెండు రోజులు తప్పింది. మూడవ రోజున మల్లక్క డ్యూటీ దిగి వచ్చి పిల్లలను తన ఇంటికి తీసుకుపోయింది. మచ్చలు మాత్రం ఎక్కడివక్కడనే ఉన్నవి. అయినా రోజూ కనబడే మచ్చ రోజూ పలకరించే పొరుగింటి మనిషి వంటిది. కొన్నాళ్ళకు దాని వైపు చూపు పోవడం తగ్గింది. చంకనెత్తుకొన్న పాప అద్దంలో తల్లిని చూసి కేరింతలు కొట్టేది. బొట్టు తన చోటికి తిరిగి వచ్చింది.

ఫిబ్రవరి పద్దెనిమిది ఆదివారం నాడు, "ఇయ్యాల పోదామా బావా?" అని సంతోషియే అడిగింది. గోదావరిఖని బజారులోని స్టూడియోలో ఆకుపచ్చ జాకెట్టు, దానికి తగ్గ చీరతో, పాప ఒడిలో, రుత్విక్ మోకాలి దగ్గర, వీరేందర్ వెనుక నిలబడగా ఫోటో దిగారు. స్టూడియో నడిపే ఉపేందర్ కంప్యూటరు తెరమీద ఫోటోను పెద్దది చేసి, హుషారుగా అన్నాడు:

"అక్కా, గీ మచ్చలు రెండు నిమిషాల్ల తీసేస్త. కండ్ల కింద నలుపు గూడ. పెండ్లిపిల్లోలె జేస్త, చూడు!"

వీరేందర్ ఏదో అనబోయి భార్య వైపు చూశాడు. సంతోషి తెర దగ్గరికి వంగింది. అలసిన కండ్లు, చెంపల మీది మచ్చలు, చక్కగా దువ్వుకొన్న తల, సరిగ్గా నడుమ బొట్టు. ఆ ముఖాన్ని ఇరవై మూడు రోజులుగా ఆమె రోజూ చూస్తూనే ఉన్నది. పీట మీద నిలబడి భయపడిన నాటి ముఖం కూడా అదే. ఇప్పుడు చూపు తిప్పుకోవాలనిపించలేదు.

"వద్దు తమ్మీ. గట్లనే ఉండనియ్. పెండ్లిపిల్ల ఒడిల ఆర్నెల్ల బిడ్డుంటె లింగమూర్తి సార్ మల్లొకసారి తిప్పి పంపుతడు."

అందరికన్నా గట్టిగా వీరేందర్ నవ్వాడు. ఫోటో ఉన్నదున్నట్టే అచ్చయింది.

పాప జమున పేరు చేరిన కార్డు 2024 మార్చి ఆరవ తేదీన చేతికి వచ్చింది. సంతోషి కుడి చెంప మీది మచ్చ ఏడాదిలో చాలావరకు పోయింది. ఎడమ చెంపది కొంత మిగిలింది. కణతల దగ్గర పొట్టి వెంట్రుకలు కొత్తగా మొలిచాయి. జడ మునుపటి లావుకు రాలేదు. రుత్విక్ కాలనీ బడిలో చేరాడు. మల్లక్క అరవై ఒకటి నిండి 2025 జూన్ నెలాఖరున ఉద్యోగ విరమణ చేసి, పెద్దపల్లిలో ఉన్న కూతురి ఇంటికి వెళ్ళిపోయింది. నెలకొకసారి ఫోను చేస్తుంది. ఫోటో ఒకటి పెద్దది చేయించి పెన్సిలు గీత పక్కన తగిలించుకొన్నారు. అద్దం ఆ గీత దగ్గరనే ఉన్నది. వీరేందర్ నేటికీ మీసం కత్తిరించుకొనేటప్పుడు నడుము వంచుతాడు.