చెల్లె పెళ్లినాడు బ్రేకు తొక్కిందెవరు?

దయ్యాలను నమ్మే మనిషిని కాదు నేను. నా ఉద్యోగమంతా కరెంటు మీటర్లు పరీక్షించడంలో గడిచింది. లెక్క తప్పుగా వస్తే లోపం మీటర్లోనైనా ఉండాలి, వైర్లోనైనా ఉండాలి. మూడో కారణం ఉండదని ఎంతోమందికి చెప్పాను. దబీర్‌పురాలో మా గల్లీ చివరి పాత ఇంట్లో గజ్జెల చప్పుడు వస్తోందని అందరూ హడలిపోతే, టార్చిలైటు పట్టుకుని వెళ్లి పందికొక్కును చూపించి వచ్చాను. అలాంటివాణ్ణి ఇప్పుడు ఇది రాస్తున్నాను. జరిగింది పట్టపగలు, పెళ్లి భోజనాల సందడి మధ్య.

డెబ్బైల చివరి మాట. మా బాపు టాక్సీ నడిపేవాడు. ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది. మాకు మిగిలింది ఆయన నల్ల అంబాసిడర్. చెల్లె విమల చిన్నగా ఉన్నప్పటి నుంచి ఆయన ఒక మాట అంటుండేవాడు: "నీ పెండ్లయినంక వేరే బండి వద్దు బిడ్డా. నిన్ను నేనే నా కార్ల అత్తగారింట్ల దింపొస్త."

పెళ్లి కుదిరాక చెల్లె నన్ను అడిగింది అదొక్కటే. చీరల గురించి, నగల గురించి నోరెత్తలేదు. బాపు కార్లోనే పోతానంది, నన్నే నడపమంది. పెళ్లికొడుకు వాళ్లది జల్‌పల్లి. అప్పట్లో అది పల్లెటూరే. దారి పొడవునా ఎగుడుదిగుళ్లు, అడ్డం వచ్చే గొర్రెల మందలు. అందుకని పెళ్లికి ముందురోజు నాలుగు చక్రాలకూ కొత్త బ్రేక్ షూలు నేనే వేశాను. బాపు దగ్గర నేర్చుకున్న పని అది.

మర్నాడు పొద్దున ముహూర్తం అయిపోయింది. ఒకవైపు భోజనాల బంతులు నడుస్తున్నాయి. అమ్మ నాలుగు నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టింది. బండికి ఏ పని చేయించినా నిమ్మకాయలు తొక్కించాకే రోడ్డెక్కించాలని మా ఇంట్లో పట్టింపు. కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టారు. నేను బండిని ముందుకు కదిపాను. నిమ్మకాయలు చితికాయి, అందరూ చప్పట్లు కొట్టారు. బ్రేకు తొక్కాను.

పెడల్ నానిన దూదిలా మెత్తగా దిగి నేలకు తాకింది. కారు ఆగలేదు. మెల్లగా వెళ్లి పందిరి గుంజకు తగిలి నిలబడింది. మామిడాకుల తోరణం తెగి బానెట్ మీద పడింది.

ఎదురింటి యాకూబ్ భాయ్, పెళ్లిబట్టలు కుట్టిన దర్జీ, పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరే మియా, దూల్హాకు కట్టే పూల సెహ్రా గాడీకి గూడ కట్టినవా!"

అందరూ నవ్వారు, నేను మాత్రం పొద్దు చూశాను. సాయంత్రం పొద్దు వాలకముందే చెల్లెను పంపాలి. విమల తలంబ్రాల బియ్యం తలలో ఉండగానే కిటికీలోంచి అరిచింది. "అన్నా, టాక్సీ గిట్ల పిలిచినవనుకో, నేను ఈన్నే కూసుంట. ఎవ్వరు లేపినా లెవ్వ!"

కంగారుపడితే పని కాదని పద్ధతిగా మొదలుపెట్టాను. ముందు బ్రేక్ ఆయిల్ డబ్బా చూశాను, కాస్త తగ్గింది. పైపుల వెంట చెయ్యి పెట్టి తడిమాను, ఎక్కడా తడి లేదు. చక్రాలు తిప్పి చూస్తే షూల బిగువు సరిగానే ఉంది. పెడల్ వరసగా కొడితే కాస్త పైకి లేచి, ఆగితే మళ్లీ దిగిపోతోంది. అంటే లోపల గాలి చేరింది. కానీ నేను ఏ పైపూ విప్పలేదు. గాలి ఎలా వెళ్లింది?

ఎడమ వెనక చక్రం విప్పి డ్రమ్ము తీస్తే లోపల గుడ్డతో తుడిచిన నూనె మరక కనిపించింది. నా పక్కనే నిలబడ్డ బామ్మర్ది నర్సింగ్ ఆకాశంలోకి చూడటం మొదలుపెట్టాడు.

"ఏందిరా?"

"ఏం లే బావా. నిన్న నువ్వు చాయ్‌కి పోయినప్పుడు జర సీట్ల కూసున్న. పెండ్లికొడుకును తోల్కపోతున్నట్టు బ్రేక్ తొక్కిన. వెనక చక్రంలకెళ్లి ఏందో దుంకింది. మళ్ల లోపలికి నూకిన."

"నూకి నాకు చెప్పొద్దా?"

"చెప్తే నువ్వు ఊకుంటవా?"

డ్రమ్ము తీసి ఉన్నప్పుడు బ్రేకు తొక్కితే లోపలి పిస్టన్ బయటికి వచ్చేస్తుంది. ఆయిల్ కారి, ఆ ఖాళీలో గాలి చేరుతుంది. షూలకు ఆయిల్ అంటకపోవడం మా అదృష్టం. అన్నీ శుభ్రం చేసి బిగించాను. ఇక చక్రం చక్రానికీ గాలి తీయాలి.

దానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ నొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం దగ్గర పడుకుని నిపిల్ అనే చిన్న మర వదులు చేస్తే, రబ్బరు గొట్టంలోంచి ఆయిల్, దాంతోపాటు గాలి బుడగలు సీసాలోకి వస్తాయి. నిపిల్ బిగించాకే పెడల్ వదలాలి. బాపు బతికున్న రోజుల్లో ఆయన సీట్లో, నేను కింద. ఆయన నోట్లో ఎప్పుడూ పాన్ ఉండేది కాబట్టి మాట్లాడేవాడు కాదు. పెడల్ నొక్కి పట్టుకోగానే ఎడమ మడమతో కారు నేల మీద రెండుసార్లు తట్టేవాడు. టక్ టక్. పట్టుకున్నాను, నువ్వు కానియ్యి అని దాని అర్థం.

ఈసారి సీట్లో నర్సింగ్. వాడు నొక్కిన ప్రతిసారీ ఒక కూత. "పట్టిన బావా! కాలు గుంజుతుంది బావా! గారెలు అయిపోతున్నయ్ బావా!" కుడివైపు చక్రాలు అయ్యాయి, ఎడమ ముందుది అయింది. వంటపాత్రల తోపుడుబండికి దారి కావాలంటే కారును కుడివైపు గోడకు ఆనించి పెట్టాం. ఆ వైపు తలుపు ఇక తెరుచుకోదు. సీట్లోకి వెళ్లాలన్నా, దిగాలన్నా నా వైపు నుంచే. చివరికి మిగిలింది ఎడమ వెనక చక్రం. ఆయిల్ చాలక, ఇంకో డబ్బా కోసం ఇంట్లోకి వెళ్లాను. వెళ్తూ "నోరు మూసుకుని నొక్కురా, చెవులు పోతున్నయ్" అని వాణ్ణి కసిరాను.

బానెట్ ఎత్తి ఆయిల్ పోసి, సీటు వైపు చూడకుండానే వచ్చి చక్రం దగ్గర పడుకున్నాను. నా కాళ్లు ముందు తలుపుకు అడ్డంగా ఉన్నాయి. "నొక్కు" అన్నాను.

పెడల్ దిగిన కిర్రుమనే చప్పుడు. ఆ వెంటనే, టక్ టక్.

కసిరినందుకు అలిగాడేమో, అందుకే మాట్లాడటం లేదనుకున్నాను. నిపిల్ తిప్పితే బుడగలు బుసబుసా వచ్చాయి. బిగించాను. "వదులు. నొక్కు." మళ్లీ టక్ టక్. నర్సింగ్ ఆత్రంగా తొక్కి ముందే వదిలేసేవాడు. ఇప్పుడు నొక్కడం నిదానంగా ఉంది, పట్టడం గట్టిగా ఉంది. పని ఇంత హాయిగా సాగి ఎన్నాళ్లయిందో అనిపించింది. ఒక పెద్ద బుడగ వచ్చింది. ఆ తర్వాత స్వచ్ఛమైన ఆయిల్ ఒకే ధారగా వచ్చింది. "ఇగ చాలు" అని లేచాను.

సీట్లో ఎవరూ లేరు. నర్సింగ్ కండువా మాత్రం ఉంది.

వాడు పందిరి కింద నుంచి విస్తరాకు చేత్తో పట్టుకుని, నములుతూ వచ్చాడు. "నువ్వు డబ్బాకు పోంగనే నేను బంతిల కూసున్న బావా. ఇంక నీ పని మొదలుపెట్టలేదనుకున్న." నేను నమ్మలేదు. యాకూబ్ భాయ్ సాక్ష్యం చెప్పాడు. "యే తో మేరే బాజూ మే బైఠా థా, నా పక్కకే కూసున్నడు. నా లడ్డూ కూడా తిన్నడు."

నా కాళ్లు దాటకుండా ఆ సీట్లోకి ఎవరూ ఎక్కలేరు, దిగలేరు. అమ్మ లోపల చెల్లెకు ఒడిబియ్యం పోస్తోంది. వచ్చిన చుట్టాల్లో ఎవరికీ ఆ తట్టుడు సంగతి తెలియదు. పెడల్ నొక్కి చూశాను. రాయి మీద కాలు పెట్టినట్టు ఉంది. వెళ్లి చేతులు కడుక్కున్నాను.

పొద్దు ఇంకా ఉండగానే బయలుదేరాం. వెనక సీట్లో చెల్లె, పెళ్లికొడుకు. అప్పగింతల్లో అందరూ ఏడ్చారు, ఆమె మాత్రం బాపు కారెక్కగానే నవ్వింది. జల్‌పల్లి ముందు దిగుడులో గొర్రెల మంద ఒక్కసారిగా రోడ్డు మీదికి వచ్చింది. బ్రేకు తొక్కాను. కారు ఉన్నచోటే ఆగింది.

ఆగిన మరుక్షణం, నా సీటు కింద నుంచి, టక్ టక్.

"ఏదో ఊడినట్టుంది, దిగి చూద్దామా బావా?" అన్నాడు పెళ్లికొడుకు.

చెల్లె పకపకా నవ్వింది. చిన్నప్పుడు మేం గాలి తీస్తుంటే ఆమె ఆ వెనక సీట్లోనే ఆడుకునేది. "ఏం ఊడలే. అన్నా, అచ్చం బాపు లెక్క మడిమె కొట్టుడు ఎప్పుడు నేర్చినవ్?"

నా ఎడమ కాలు క్లచ్ మీద ఉంది, పూర్తిగా తొక్కి. గొర్రెలన్నీ దాటేదాకా దాన్ని కదపలేదు.

మర్నాడు కారులో చాప లేపి నేల రేకు చూశాను, బోల్టులన్నీ బిగించి చూశాను. ఏదీ వదులుగా లేదు. ఆ రోజు డైరీలో బ్రేకు పని వివరంగా రాసి, పెడల్ ఎవరు నొక్కారన్న చోటు ఖాళీగా వదిలాను. ఇన్నేళ్లయినా అందులో ఏం రాయాలో తెలియలేదు.

ఒక్క మాట మాత్రం దాచను. తర్వాత ఆ కారుకు గాలి తీయాల్సి వచ్చిన ప్రతిసారీ, ముందు ఒక్కణ్ణే చక్రం దగ్గర పడుకుని "నొక్కు" అని, కాసేపు చెవి పెట్టి వినేవాణ్ణి. ఏ చప్పుడూ వచ్చేది కాదు. అప్పుడు నర్సింగ్‌ను కేకేసేవాణ్ణి. బాపు తట్టుడు సంగతి వాడొక్కడికే చెప్పాను. వాడు తీరిగ్గా వచ్చి, సీట్లో కూలబడి, ప్రతిసారీ అదే అడిగేవాడు.

"ఏం బావా, మామ ఇయ్యాల గూడ డ్యూటీకి రాలేదా?"