తిండి ముట్టని చేప, నీలవేణి భయం

అరసవల్లిలో నీలవేణికి భయస్థురాలని పేరు. కుక్కర్ కూత ఆలస్యమైతే వంటగది బయటికి వచ్చి నిలబడుతుంది. వేళగాని వేళ ఫోను మోగితే ఎత్తకముందే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ఈవిడ భయానికి భయపడి, ఇంట్లోవాళ్ళు కాలికి ముల్లు గుచ్చుకున్నా చెప్పడం మానేశారు. అలాంటి మనిషి ఇంటికి, తొలి కాన్పుకు వచ్చిన కూతురు అనితతోపాటు ఒక గాజుతొట్టె, అందులో ఒక సముద్రపు చేప వచ్చిపడ్డాయి.

అల్లుడు ఉమాశంకర్‌కు ఓడలో ఉద్యోగం. ఎక్కితే నెలల తరబడి దిగడు, ఫోను కూడా దొరికినప్పుడే. విశాఖలో ఇంటికి తాళం పెట్టాక చేపను ఎవరికి అప్పగిస్తారు? చూడబోతే అది వేలెడంత లేదు. నీలం ఒంటిమీద నారింజ చారలు, ఎవరో తీరిగ్గా ముగ్గేసినట్టు. అందానికి తగ్గ పెంకితనమూ ఉంది. కొట్లో అమ్మే ఎండు మేత మూతికి తగిలినా తినదు. రాళ్ళమీద పాకే నలుసంత పురుగులు, అవీ ప్రాణంతో కదులుతుంటేనే ముడుతుంది.

అందుకని నీలవేణి భర్త జగన్నాధం కళింగపట్నం పోయి నాచుపట్టిన రాళ్ళు, క్యాన్ల నిండా సముద్రపు నీళ్ళు తెచ్చేవాడు. రాయి తొట్టెలో పెడితే చేప దాని చుట్టూ తిరుగుతూ పురుగులను పొడుచుకు తినేది. ఎండలకు నీళ్ళు ఇగిరి తొట్టె తగ్గినప్పుడల్లా నీలవేణి సముద్రపు నీళ్ళే పోసేది. సముద్రం లేని ఊళ్ళలో మంచినీళ్ళకు ఉప్పు పొట్లాలు కలుపుకొని తంటాలు పడతారట, మనకేం ఖర్మ, సముద్రమే పక్కనుంటే అని మొగుడూ పెళ్ళాలూ మురిసిపోయారు.

ఎండలు ముదిరాక చేప తినడం మానేసింది. రాయి మూతి ముందున్నా కదలదు. పొట్ట లోపలికి పీక్కుపోయింది. నీలవేణి గుండెల్లో రాయి పడింది. నోరులేని జీవి పస్తుండి పోతే ఆ ఇంటికి మంచిది కాదని ఆవిడ నమ్మకం. అందులోనూ నిండు చూలాలున్న ఇల్లు. చేపకేమైనా అయితే ఆ కీడు కూతురి కడుపుమీదికే వస్తుందని ఆవిడకు రూఢిగా తోచింది. ఆ మాట పైకి అనడానికి కూడా భయమే. చేప తిందా అని అనిత అడిగితే, ఇప్పుడే తిని రాయి వెనక్కి పోయిందని అబద్ధమాడేది. సూర్యనారాయణస్వామికి మొక్కుకుంది. తనకు మాత్రం ముద్ద దిగడం మానేసింది.

ఒక మధ్యాహ్నం అనిత పడుకున్నప్పుడు, పాత రాయి తీద్దామని తొట్టెలో చెయ్యి పెట్టింది. ఫ్యాను కింద చెయ్యి ఆరేసరికి మోచేతిదాకా తెల్లగా ఉప్పు తేలింది. నాలుకమీద వేసుకుని చూసింది. ఆ ఘాటు ఆవిడకు కొత్త కాదు. పుట్టిల్లు నౌపడ, ఉప్పుమళ్ళ మధ్యే పెరిగింది. మడిలో సముద్రపు నీళ్ళు పెడతారు. ఎండ నీటిని పట్టుకుపోతుంది, ఉప్పు మిగులుతుంది. మళ్ళీ నీళ్ళు పెడతారు. నట్టింట్లో ఇన్నాళ్ళూ తను చేసిందీ అదే. ఇగిరిపోయింది ఉత్త నీళ్ళయితే, పోయాల్సిందీ ఉత్త మంచినీళ్ళే కదా.

కాచి చల్లార్చిన నీళ్ళు తెచ్చి గ్లాసుతో కొంచెం కొంచెంగా వంచసాగింది. ఎక్కువ పోస్తే చస్తుందేమో, తక్కువ పోస్తే చస్తుందేమో. తిరిగి చూస్తే గుమ్మంలో అనిత నిలబడి ఉంది.

"అది తినడం నేదని నాకు తెలుసమ్మా," అంది.

నీలవేణి ఏదో సర్దిచెప్పబోయింది. కానీ కూతురు చేపవైపు చూడటం లేదు. రెండు చేతులూ కడుపుమీద పెట్టుకుని ఉంది.

"పొద్దున్నుంచి కడుపులో కదలిక నేదమ్మా. నువ్వు బయపడిపోతావని సెప్పనేదు."

గ్లాసు ఎక్కడ పెట్టిందో నీలవేణికి తెలియదు. కూతురి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది. ఆసుపత్రి చేరేదాకా ఆ చెయ్యి వదల్లేదు. తన భయం చూసి కూతురు పొద్దుటినుంచీ ఆ మాట బయటపెట్టకుండా కూర్చుంది. ఇన్నేళ్ళలో తాను పడ్డ భయాలన్నీ ఒక ఎత్తు, ఆ తలపు ఒక్కటీ ఒక ఎత్తు.

డాక్టరమ్మ అనిత కడుపుమీద యంత్రం పెట్టి అటూ ఇటూ వెతికింది. అప్పుడు కుట్టుమిషను తొక్కినట్టు టకటకమని గుండె చప్పుడు వినబడింది. సాయంత్రందాకా ఉంచుకుని, లోపల బిడ్డ బాగా కదిలాక ఇంటికి పంపారు.

ఇల్లు చేరేసరికి చేప ఇసుకమీద ఒరిగి ఉంది. ప్రాణం లేదు. ముందే వచ్చిన జగన్నాధం, కూతురికి కనబడకుండా తొట్టెమీద తువ్వాలు కప్పుతున్నాడు. నీలవేణి ఆ తువ్వాలు లాగేసింది.

"సేప సచ్చిపోనాది తల్లీ. ఉప్పెక్కువైపోయి. నా సేత్తోనే."

అనిత కాసేపు ఏడ్చింది. నీలవేణి చారన్నం కలిపి ఆమెకో ముద్ద పెట్టి, తానో ముద్ద తింది. ఇకమీదట ఒంట్లో ఏమనిపించినా ముందు తనకే చెప్పాలని కూతురిని అడిగింది.

"నువ్వు బయపడతావు కదమ్మా."

"బయపడతాను. బయపడతూనే నీ యెంట వస్తాను."